సీటు లెక్క

"నువ్వు డాక్టరయ్యాక ఎన్నేళ్లు పనిచేస్తావు?" అని అడిగింది నా స్నేహితురాలు. తను అమెరికాలో ఎన్నో ఏళ్లుగా డాక్టరు. నన్ను నొప్పించాలని అడగలేదు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. అదే సీటు 22 ఏళ్ల పిల్లకి వస్తే, నాకంటే పదిహేనేళ్లు ఎక్కువ రోగులను చూస్తుంది కదా అన్నది ఆమె ఉద్దేశం.

నాకు 36. గుంటూరులో బీయస్సీ చదివి, పెళ్లయి ఇక్కడికి వచ్చాను. గ్రీన్‌కార్డు వచ్చాక మళ్లీ కాలేజీలో చేరాను. ఇక్కడ మెడిసిన్ డిగ్రీ తర్వాతే. పైగా బయట దేశాల్లో డిగ్రీ చేసినవాళ్లు ఇక్కడ కూడా చదివి చూపించాలని చాలా మెడికల్ కాలేజీలు అడుగుతాయి. అందుకే బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ లాబులతో సహా మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను. ఇంకా రెండేళ్లు ఇది, నాలుగేళ్లు మెడిసిన్, తక్కువలో తక్కువ మూడేళ్లు రెసిడెన్సీ. అన్నీ మొదటిసారే కుదిరినా 45 దాటుతుంది.

ఆ రాత్రి నేనూ లెక్క వేశాను. 65 వరకు పనిచేస్తే దాదాపు 20 ఏళ్లు. అదేం తక్కువా అని ఆమెకి చెప్పాలనుకున్నాను. కాసేపటికి సిగ్గేసింది. ఆమె కొలబద్దనే నేనూ చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

ఎందుకంటే ఆ కొలబద్ద నాకు కొత్త కాదు. ఇంటర్ బైపీసీ అయ్యాక ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు. తమ్ముడిని లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి రెండుసార్లు పంపారు. నా దగ్గరికొచ్చేసరికి, "రేపు పెళ్లయితే మానేసేదానికి సీటెందుకు?" అన్నారు. అప్పుడు నా ముందు 40 ఏళ్లున్నాయి. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు మాత్రం మిగిలిన ప్రతి ఏడూ లెక్కకొస్తోంది!

ఇది మన ఇళ్లకే పరిమితం కాదు. టోక్యో మెడికల్ యూనివర్సిటీ ప్రవేశపరీక్షలో ఏళ్ల తరబడి స్త్రీల మార్కులు తగ్గిస్తూ వచ్చిందని 2018లో బయటపడింది. పిల్లలు పుట్టాక స్త్రీలు వృత్తి వదిలేస్తారన్నది అక్కడ వినిపించిన కారణం. ఇంటిచాకిరీ అంతా ఆమె మీద వేసి, ఆ బరువు చూపించే ఆమెకి సీటు లేదనడం ఏ న్యాయం?

ఆనందీబాయి జోషీ 1886లో ఫిలడెల్ఫియాలో వైద్య పట్టా తీసుకుంది. 1887 ఫిబ్రవరిలో, 22 నిండకముందే, ప్రాక్టీసు మొదలుపెట్టకుండానే క్షయతో చనిపోయింది. ఏళ్ల లెక్క ప్రకారం ఆ సీటు వృథా. మనలో ఎవరైనా ఆ మాట అనగలమా?

అలాగని రోగులకు డాక్టరు ఏమీ బాకీ లేదని నేను అనను. వైద్యం చదివినవాళ్లు సమాజానికి బాకీ పడతారు. ఆ బాకీ అందరినీ ఒకేలా అడగాలి. లాబులో నా పక్కన నిలబడే 19 ఏళ్ల కుర్రాడిని, చదువయ్యాక రోగులను వదిలి ఏ కంపెనీకో వెళ్లిపోతావా అని ఎవరూ అడగరు. నన్ను మాత్రం ముందే హామీ ఇమ్మంటారు.

ఇంత వాదించాక కూడా నాకు జవాబు దొరకని ప్రశ్న ఒకటుంది. అది సీటు గురించి కాదు. అమ్మ ఆరునెలల వీసా మీద వచ్చింది. నేను లాబులో ఉన్న సాయంత్రాలు మోకాళ్ల నొప్పులతోనే వండుతుంది, బాబుని బస్సు దగ్గరనుంచి తీసుకొస్తుంది. నా చదువు కోసం ఇంకో స్త్రీ తన రోజులిస్తోంది. ఎన్నేళ్లు పనిచేస్తావని ఆమె నన్ను ఒక్కసారీ అడగలేదు.

మొన్న నేనే అడిగాను. "తొమ్మిదిలో మానిపించకపోతే ఏం చదువుకునేదానివమ్మా?"

"లెక్కలు," అంది వెంటనే, బెండకాయలు తరుగుతూ.

నా ఏళ్ల లెక్క నేను చెప్పుకోగలను. అందులో అమ్మ ఏళ్లు ఎక్కడ వేసుకోవాలో మాత్రం ఇంకా తెలియడం లేదు.