క్షేత్రము చలించును



భౌతికశాస్త్రములోని ‘ఫీల్డు’ అను మాటను మనవారు ‘క్షేత్రము’ అని అనువదించిరి. గీత పదమూడవ అధ్యాయమున విచారింపబడినదియు క్షేత్రమే. ఢిల్లీ విశ్వవిద్యాలయమున చదువుచున్న ఒక తెలుగు యువకుడు ఈ సామ్యమును చూచి, “స్వామీజీ, సృష్ట్యాదిలోని క్షేత్రమే బ్రహ్మమనవచ్చునా?” అని నన్నడిగెను.

ముందుగా శాస్త్రజ్ఞుల మాట వినవలెను. 1981లో అలన్ గూత్ ప్రతిపాదింపగా, మరుసటి సంవత్సరము లిండే మొదలగువారు సవరించిన సిద్ధాంతమిది: ఆదిలో, శూన్యమని తోచుచోట, ఒక క్షేత్రము మహాశక్తితో నిండియుండెను. అది కొండకొమ్మున నిలిపిన గుండు వంటిది. నిలిచినట్లుండును గాని నిలుకడ లేదు. అది మెల్లగా జారిన స్వల్పక్షణములోనే విశ్వము, 1 ప్రక్కన 26 సున్నలు చేర్చినన్ని రెట్లకు తక్కువ కాకుండ వ్యాకోచించెను. గుండు లోయ చేరి, అటునిటు ఊగి శమించినపుడు ఆ శక్తి కణములుగను వేడిమిగను మారెను. ఆ క్షేత్రమందలి సూక్ష్మమైన హెచ్చుతగ్గులే నక్షత్రరాశులకు బీజములయ్యెను. లక్షలో ఒక వంతు మాత్రమైన అట్టి తేడాలను కోబె ఉపగ్రహము కనుగొనినట్లు 1992లో ప్రకటించిరి.

ఐనను ఆ క్షేత్రమేదో నేటికిని నిర్ధారణ కాలేదు. ఆ జాతికి చెందిన మూలక్షేత్రములలో ప్రయోగముచే తెలియవచ్చినది హిగ్స్ క్షేత్రమొక్కటే. దాని కణము 2012లో సెర్న్‌లో దొరకినది. ఆ అన్వేషణలో ఢిల్లీ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులును పాల్గొనిరి. ఆ క్షేత్రము సయితము శాశ్వతముగా స్థిరమైనది కాకపోవచ్చునని గణితము సూచించుచున్నది.

ఇక యువకుని ప్రశ్న. పదమొక్కటియే గాని అర్థములు వేరు. గీత శరీరముతో మొదలిడి, మహాభూతములను, అవ్యక్తమును సయితము క్షేత్రములోనే చేర్చినది. జారునది, ఊగునది, క్షీణించి మరియొకటిగా మారునది ఎంత ప్రాచీనమైనను బ్రహ్మము కాజాలదు. దానిని ఎరుగువాడు వేరు. ఈ వివేకమును మరచి, శాస్త్రములోని ప్రతి క్రొత్త పేరును చూచి ‘ఇది మా ఋషులు చెప్పినదే’ యని మురియుట భక్తి కాదు. రేపు ఆ సిద్ధాంతము వీగిపోయినచో మన విశ్వాసమును దానితో వీగిపోవలెనా?

యువకుడు కొంతసేపు మౌనముగా నుండి, “అయితే నా చదువు వ్యర్థమా?” అనెను. కాదు నాయనా! తెలిసినంతవరకే తెలిసినదని పలుకుట గొప్ప తపస్సు. నీ ప్రయోగశాలయే దానికి ఆశ్రమము. మన మనస్సును కొండకొమ్మున నిలిచిన గుండే. ఒక్క పరుషవాక్యమునకు జారిపోవును. అది జారుచున్నదని ఎరుగుచున్నదెవరో విచారింపుము. ఆ విచారణకు ఏ యంత్రమును అక్కరలేదు.