పట్టెడు పిండి

చదువవలసిన భాగములు: 1 రాజులు 17:8–16, నిర్గమకాండము 16:14–20



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో తరతరములుగా జొన్నరొట్టెయే మన ఆహారము. ఇప్పుడు గోధుమపిండియు మన వంటయిండ్లకు వచ్చినది. అనేకులు రాత్రివేళ చపాతీలు కాల్చుకొనుచున్నారు.

ఈ పిండిని గూర్చి మన తల్లులెరిగిన సంగతి యొకటి కలదు. ఎండబెట్టి భద్రపరచిన గోధుమలు ఏడాది నిలుచును. మరపట్టించిన పిండి యట్లు నిలువదు. కొన్నాళ్లకు పురుగు పట్టును, చేదెక్కును. ఏలయనగా పొట్టుతోను మొలకతోను గింజయంతయు అందులో నలిగియున్నది. ఆ మొలకలోని నూనె గాలి తగిలి చెడును. ఆ రెంటిని తీసివేసినందుననే మైదా యెక్కువకాలము నిలుచుచున్నది. బలమిచ్చు పిండి దాచుకొనుటకు గాక, తినుటకును పెట్టుటకును ఇయ్యబడినది.

అరణ్యములో మన్నాను మరునాటికి దాచుకొన్నవారికి పురుగులే మిగిలెను. సారెపతు విధవరాలికి ఉన్నది పట్టెడు పిండి మాత్రమే. అది తనకును కుమారునికిని కడపటి భోజనమనుకొనెను. అయినను మొదటి రొట్టె దైవజనునికిచ్చెను. కరువు తీరువరకు ఆమె పిండి తరుగలేదు. కలిగినవారు పెట్టుదురులే యని ఆమె తప్పించుకొనలేదు.

కరువు మనకు క్రొత్త కాదు. 1876–78 నాటి గొప్ప కరువు ఈ సీమను మిక్కిలి పీడించెను. నేటికిని వానలు తప్పిన యేట అనేక కుటుంబములు సుగ్గికని గుంటూరు వైపు మిరపకోతలకు పోవుచున్నవి. ఇంట ముసలివారు మిగులుదురు. కొన్నిచోట్ల బడిపిల్లలును వారితో నుందురు. మందిరములో చాపలు ఖాళీగా నుండును.

వంటకు ముందు పిడికెడు బియ్యము ప్రభువు పేర తీసియుంచు మంచి వాడుక మన సంఘములలో కలదు. అయితే మేము సిగ్గుతో ఒప్పుకొనవలసినది యొకటున్నది. ఆ పిడికిళ్లను ఆదివారము కొలిచితిమి గాని, మన వీధిలోని అవ్వ పొయ్యి వెలిగినదో లేదో చూడలేదు. కానుక మందిరము చేరినది. ప్రేమ గడప దాటలేదు.

కావున ఈ సుగ్గికాలములో మన యింట రొట్టెలు కాల్చిన దినమున మొదటి రొట్టె ఒంటరిగా మిగిలినవారికి చేరనిత్తము. జొన్నదైనను గోధుమదైనను సరే. వేడిగానుండగనే తీసికొనిపోదము, కాసేపు వారియొద్ద కూర్చుందము. దాచినది చెడును, పెట్టినది ప్రభువు ఎరుగును.

ప్రభువా, మా తొట్టిలోని పిండిని ఆశీర్వదించుము. మా పిడికిలిని విప్పుము. ఆమేన్.