తాళంచెవి ఖరీదు

వనపర్తి ప్రాంతపు ఒక కళాశాల గ్రంథాలయంలో జరిగిన సంగతి యిది. పుస్తకాల లెక్క చూసే ప్రోగ్రాము అక్కడి సర్వరులో కొన్నేళ్లుగా నడుస్తున్నది. విద్యార్థి తన గదినుంచే పుస్తకం వున్నదీ లేనిదీ చూసుకొనేందుకు ఒక యాడ్-ఆన్ కావలసివచ్చింది. కంపెనీకి డబ్బు కట్టారు. బదులుగా వచ్చినది ఏడాది గడువుగల ఒక లైసెన్సు కీ - పాతిక అక్షరాల వరుస. లైబ్రేరియన్ దానిని సర్వరులో నమోదు చేయగానే, సర్వరు తన యంత్రపు గుర్తులను కంపెనీకి పంపి, అక్కడినుంచి జవాబు తెచ్చుకొని, కొత్త సదుపాయాన్ని తెరిచింది. విచిత్రమేమంటే ఆ యాడ్-ఆన్ మొదటి రోజునుంచీ ఆ డిస్కులోనే వున్నది! కొత్తగా వచ్చినది ప్రోగ్రాము కాదు, అనుమతి.

మరి అమ్ముడుపోయినదేమిటి? గద్వాల నేతగాడు చీర అమ్మితే అది అతని చేయి వదలి కొన్నవారి చేతికి వస్తుంది. ఇక్కడ అమ్మినవాని చేతినుంచి ఏమీ పోలేదు. కొన్నవాని యింటికి ఏమీ రాలేదు.

ఆ ప్రోగ్రాము రాసినవాడు శ్రామికుడు కాడా అని మిత్రులు అడుగుతారు. తప్పక శ్రామికుడే. శ్రమకు ధర వుండరాదని నేననను. నా అభ్యంతరం తాళం మీద. సర్వరులో మదర్‌బోర్డు చెడి మారిస్తే యంత్రపు గుర్తు మారి, కొన్న అనుమతే చెల్లకపోవచ్చు. మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. గడువు దాటిన మరునాడు సదుపాయం మూతపడుతుంది. డిస్కులోని శ్రమ ఏమీ తరగలేదు. తాళంచెవి మాత్రం మరొకరి గుప్పిట్లో వున్నది.

ఈ వ్యవహారం నడిగడ్డ రైతుకు కొత్తదికాదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల, అలంపురం ప్రాంతం పత్తి విత్తనోత్పత్తికి పేరుపడినది. అక్కడ ఆడకూలీలు, బడికి పోవలసిన పిల్లలు సైతం, పువ్వు పువ్వుకూ చేతితో పుప్పొడి అద్దితేనే సంకర విత్తనం పుట్టింది. అందులోని బి.టి. జన్యువు మీద హక్కు మాత్రం వేరొకరిది. విత్తన కంపెనీలు కట్టిన హక్కు రుసుము చివరకు రైతు నెత్తినే పడింది. 2006కు ముందు 450 గ్రాముల పాకెట్టు ధరలో సుమారు 1,250 రూపాయలు ఆ రుసుమే. ఆ యేడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషనును ఆశ్రయించింది. పాకెట్టు మొత్తం 750కి దిగివచ్చింది. 2016లో కేంద్రం ఒక్క ఉత్తర్వుతో రుసుమును 163నుంచి 49 రూపాయలకు తగ్గించింది. 2020లో పూర్తిగా తీసివేసింది. శ్రమను కొలిచి కట్టిన ధరే అయితే యిన్ని మెట్లు దిగేదా? అయినా ఒక తేడా ఒప్పుకోవాలి. చేలో మొలచిన జన్యువును ఏ కంపెనీ కూడా దూరాన కూర్చుని ఆర్పలేదు. సర్వరులోని సదుపాయాన్ని ఆర్పగలదు.

“తాళం పగులగొడదాం సార్” అన్నాడు ఆ కళాశాల విద్యార్థి ఒకడు. కాపీరైటు చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షను ప్రకారం అందుకు రెండేళ్లదాకా జైలు పడవచ్చు. కాని నన్ను ఆపినది జైలు భయం ఒక్కటే కాదు. దొంగచాటుగా తెరచిన తాళం నాగర్‌కర్నూల్‌లోని మరొక కళాశాలకు ఎలా పనికివస్తుంది? బాహాటంగా చెప్పుకోరాని పని పదిమంది పని కాజాలదు. పైగా పగులగొట్టినవాడు కూడా ఆ కంపెనీ ప్రోగ్రాముకే కట్టుబడి వుంటాడు.

1983లో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ ప్రోగ్రాములకు పూనుకొన్నది యీ చిక్కును విప్పటానికే: ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. న్యూజిలాండులో ఒక గ్రామీణ గ్రంథాలయ సంస్థ కోసం రాయించిన కోహా 2000లో అదే పద్ధతిన బయటికి వచ్చింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక, అదీ తిరిగి యిచ్చుకోవలసిన బాధ్యత గల కానుక. దానికి తాళం లేదు గాని చాకిరీ వున్నది. నేర్చుకోవాలి, చెడితే మనమే బాగుచేసుకోవాలి. స్వేచ్ఛను వుచితంగా తలచి దిగినవారు నెల తిరక్కుండానే విసిగిపోవటం చూశాను.

ఆ కళాశాలవారు గడువు తీరినప్పుడు మళ్లీ డబ్బు కట్టారు. పరీక్షల ముందు మూతపడితే నష్టపోయేది పిల్లలే గనుక. తాళం పగులగొడదామన్న ఆ విద్యార్థే యిప్పుడు సాయంత్రాలు కూర్చుని పుస్తకాల వివరాలు ఒక్కొక్కటిగా కోహాలో ఎక్కిస్తున్నాడు. పాత ప్రోగ్రామునుంచి వాటిని ఒక్కసారిగా తీసుకోవచ్చునట, కాని అందుకు మరొక లైసెన్సు కొనాలట.