నవ్వు ఎవరి మీద?



పెద్దల కోసం తీసిన హాస్య కార్యక్రమాలను పదిహేనేళ్ల పిల్లలు చూడవచ్చునా? ఈ ప్రశ్న తిరుపతి, చిత్తూరు పట్టణాలలోనే గాక మన పల్లెలలోని తల్లిదండ్రులను కూడ కలవరపెడుతున్నది.

ఈటీవీలో 2013లో మొదలైన ‘జబర్దస్త్’ ఎరుగని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. నగరి శాసనసభ్యురాలిగా ఉన్న నటి రోజాగారు 2022లో మంత్రి అయ్యేవరకు అందులో న్యాయనిర్ణేతగా కూర్చున్నారు. ఇంటిల్లిపాదీ చూసిన ఆ కార్యక్రమంలో ద్వంద్వార్థాలు ఎక్కువన్న విమర్శలూ వచ్చాయి.

‘మోటు హాస్యం మనకు కొత్తా?’ అని కొందరు అడుగుతారు. కొత్తేమీ కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఆడుకునే మాటలు అంత నాజూకైనవి కావు. అయితే అక్కడ అవ్వ, తాత, మేనత్త పక్కనే కూర్చునేవారు. ఏ మాటకు నవ్వాలో, ఏ మాటకు తల దించుకోవాలో పిల్లలు పెద్దల ముఖాలు చూసి నేర్చుకునేవారు. సెల్‌ఫోను పట్టుకుని, చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా నవ్వే పిల్లవానికి ఆ ముఖాలు కనిపించవు.

ఇంటర్నెట్టులో వచ్చే ధారావాహికలకు వయసు గుర్తులు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలు చేసింది. అందరికీ, 7, 13, 16 ఏళ్లు పైబడినవారికి, పెద్దలకు మాత్రమే అని వాటిని విభజించింది. 13 ఏళ్ల గుర్తు మొదలుకొని పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలి. దానిని వాడుకోండి. పెద్దలకు మాత్రమే అన్నదానిని పిల్లలకు వద్దనడానికి సంకోచించనక్కరలేదు.

అయితే గుర్తు చూసి ఊరుకుంటే చాలదు. ఒక మాట తప్పో ఒప్పో బుద్ధి తేల్చేలోపే నోరు నవ్వేస్తుంది. నవ్వామంటే సగం ఒప్పుకున్నట్టే. భార్యను కొట్టడం, నల్లని పిల్లను వెక్కిరించడం, లావుపాటి మనిషిని గేలిచేయడం చూసి వందసార్లు నవ్విన పిల్లవాడు, మరునాడు బడిలో ఆ మాట తానే అంటాడు. అందులో బూతు ఒక్కటీ ఉండకపోవచ్చు. లంచగొండి అధికారిని, ధనవంతుని గర్వాన్ని ఎగతాళి చేసే నాటికలో ఒక మోటుమాట దొర్లినా అంత హాని జరగదు.

కాబట్టి తల్లిదండ్రులారా, ముందుగా మీరు ఒక భాగం చూడండి. తగినదనిపిస్తే పిల్లలతో కలిసి కూర్చోండి. అయిపోయిన తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: ‘నువ్వు ఎవరిని చూసి నవ్వావో ఆ మనిషే మన ఇంటికి వస్తే, ఎదురుగా ఇలాగే నవ్వగలవా?’ పిల్లవాడు తడబడితే కోప్పడవద్దు. ఆ తడబాటే అతనికి పాఠం చెబుతుంది. మన ఎదుట చూడటానికి సిగ్గుపడేదానిని చాటుగా చూసే వయసు ఇంకా రాలేదని నెమ్మదిగా నచ్చజెప్పండి.

మరొక మాట. మనం దేనికి నవ్వుతున్నామో పిల్లలు గమనిస్తూనే ఉంటారు. వారి నవ్వును దిద్దాలనుకునే మనం ముందు మన నవ్వును దిద్దుకుందాం.