జాంబవంతుడు పరీక్ష పెట్టలేదు

కిష్కింధకాండ చివర్లో వానరులంతా సముద్రాన్ని చూసి దిగాలుపడిపోతారు. హనుమంతుడు మాత్రం ఓ పక్కన మాట్లాడకుండా కూర్చుంటాడు. మునుల శాపం వల్ల తన బలం తనకే తెలియదని ఉత్తరకాండ చెబుతుంది. జాంబవంతుడు అతని దగ్గరకు వెళ్లి ‘నీ బలమెంతో చెప్పు చూద్దాం’ అనలేదు. అంజన కొడుకువని, వాయుదేవుడి వరపుత్రుడివని, పసితనంలోనే సూర్యుడి కోసం ఎగిరావని తనే చెప్పాడు.

నానమ్మకో తాతయ్యకో మతిమరుపు జబ్బు వచ్చిన ఇంట్లో పిల్లలకు ముందుగా చెప్పవలసిన కథ ఇది. నానమ్మ మనవణ్ని కొడుకు పేరుతో పిలిస్తే వాడు మొదట నవ్వుతాడు, తర్వాత నొచ్చుకుంటాడు. తనంటే ఇష్టం పోయిందనుకుంటాడు. పోయింది ఇష్టం కాదని మనమే చెప్పాలి. ‘నానమ్మా, నేను నీ చిన్న మనవణ్ని, బడి నుంచి వచ్చా’ అని వాడే ముందుగా చెప్పేస్తే ఆవిడకు తడబాటు తప్పుతుంది.

అయితే ఈ కథ సగం వరకే పనికొస్తుంది. హనుమంతుడికి అన్నీ గుర్తొచ్చాయి. అల్జీమర్స్‌లో అలా జరగదు. ఆ సంగతి దాచి ‘దేవుడికి దణ్ణం పెట్టుకో, తగ్గిపోతుంది’ అంటే, తగ్గనప్పుడు ఆ పసివాడు తన భక్తినే అనుమానిస్తాడు. ఈ జబ్బు సాధారణంగా మెదడులో కొత్త సంగతుల్ని నిలిపే భాగాన్ని ముందు దెబ్బతీస్తుంది. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, పెళ్లినాటి ముచ్చట్లు గుర్తుంటాయి. చిన్ననాటి నుంచి విష్ణుసహస్రనామం చదివినవాళ్లు, పక్కన ఎవరైనా మొదలుపెడితే గొంతు కలపడం చాలా ఇళ్లలో చూస్తాం. దీపం పెట్టే వేళ పిల్లల్ని ఆవిడ పక్కన కూర్చోబెట్టి చదివించండి.

కొందరు గీత రెండో అధ్యాయం చూపించి ‘కోపిష్ఠి మనిషి, అందుకే స్మృతి పోయింది’ అంటారు. పిల్లల చెవిన పడకూడని మాట ఇది, పైగా తప్పు. అక్కడ కృష్ణుడు చెప్పింది కోపంలో వివేకం జారడం గురించి, మెదడు జబ్బు గురించి కాదు. పదిహేనో అధ్యాయంలోనైతే జ్ఞాపకమూ మరుపూ రెండూ తన నుంచేనంటాడు.

అసలు పరీక్షలు పెట్టేది పెద్దవాళ్లమే. చుట్టపుచూపుగా వెళ్లి, గుమ్మంలోనే ‘నన్ను గుర్తుపట్టావా పెద్దమ్మా?’ అని నిలదీస్తాం. పిల్లలు చూసి నేర్చుకునేది అదే. ఈసారి వెళ్లినప్పుడు మీ పేరు, వరస మీరే చెప్పి ఆవిడ పక్కన కూర్చోండి.