అయిదోది దైవం

“ప్రాప్తం ఉండాలి” అనే మాటను మా వైపు పెళ్లి సంబంధాలకీ గవర్నమెంటు ఉద్యోగాలకీ ఎంత ధారాళంగా వాడతారో, చదువులకీ అంతే ధారాళంగా వాడతారు. ప్రకాశం జిల్లాలో ఓ చిన్న పట్నంలో డిగ్రీ పిల్లలకు గణితం చెప్పుకునేదాన్ని నేను. దైవం ఉందా లేదా అని తేల్చే చదువు నాది కాదు. పొద్దున్నే దీపం పెట్టుకున్నాకే కాలేజీకి బయల్దేరతాను. నా పేచీ దైవంతో కాదు, దాన్ని ఎన్నో స్థానంలో వేస్తున్నాం అన్నదానితో.

వెనక నేను పనిచేసిన ఒక కాలేజీలో బీఎస్సీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె ఉండేది. బోర్డు మీద లిమిట్ నిర్వచనం రాస్తే క్లాసంతా తలవంచుకుని దించుకున్నారు. ఆ పిల్ల మాత్రం పెన్ను పక్కన పెట్టి, “ముందు డెల్టా చెప్పేసి తర్వాత ఎప్సిలాన్ అడిగితే ఏమవుతుంది మేడం?” అంది. నిర్వచనంలో ఉన్న వరసలోనే ఎందుకు అడగాలి అని ఆలోచించే పిల్ల బ్యాచ్‌కి ఒకరుంటే గొప్ప. అలాంటివాళ్ల కోసమే దేశంలో ఓ వేసవి శిబిరం ఉంది, ఎంటీటీఎస్ అంటారు. 1993లో ప్రొఫెసర్ కుమరేశన్ మొదలుపెట్టారు. తర్వాతి కాలంలో ఆయన మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ పాఠాలు చెప్పారు. కొన్ని వారాలపాటు పిల్లల్ని ఒకచోట ఉంచి గణితం చెబుతారు. చెబుతారు అనడం కంటే, అడిగి అడిగి వాళ్ల నోటితోనే చెప్పిస్తారు అనాలి.

ఆ ఏడు దాని పోస్టరు మా కాలేజీకి వచ్చింది. ఆఫీసులో ఫైళ్ల కింద ఉండిపోయి, నా చేతికి చేరేసరికి గడువు దాటింది. పిల్ల తల్లి మిరప కోతలకు వెళ్లే మనిషి. సంగతి చెబితే, “పోన్లెండి మేడం, దానికి రాసిపెట్టి లేదు” అంది. స్టాఫ్ రూములో ఓ పెద్దాయన భగవద్గీత రెండో అధ్యాయంలోని 47వ శ్లోకం రాగయుక్తంగా చదివి, మనకు పని మీదే అధికారం గాని ఫలం మీద లేదని ఊరడించారు.

నాకేమీ ఊరట కలగలేదు. ఆ మాట వినేనాటికి అర్జునుడి చేతిలో గాండీవం ఉంది. రథం రెండు సేనల నడుమ నిలబడి ఉంది. యుద్ధం ఎప్పుడో అతని దగ్గర ఎవరూ దాచలేదు. ఫలం మీద ఆశ వదులుకోమనే ముందు, పని చేసే వీలైనా ఎదటి మనిషికి ఉండాలి కదా. ఈ పిల్లకు పోయింది ఫలం కాదు, పనే. ఆ శ్లోకం ఎవరికి వారు చెప్పుకోవలసింది. ఇంకొకరి నోరు మూయించడానికి చదివితే, చదివినవాడి రాగం ఎంత బాగున్నా నేను వినను.

అదే గీతలో పద్ధెనిమిదో అధ్యాయం 14వ శ్లోకాన్ని మాత్రం ఎవరూ ఇంత తరచుగా తలుచుకోరు. ఏ పని జరగడానికైనా అక్కడ అయిదు కారణాలు చెప్పారు: ఆధారం, అంటే శంకరుల వ్యాఖ్య ప్రకారం దేహం; చేసే మనిషి; సాధనాలు; రకరకాల ప్రయత్నాలు; అయిదోది దైవం. లెక్కల మనిషిని గనక నాకు వరస ముఖ్యం. అయిదో స్థానంలో చెప్పిన దాన్ని మనం మొదటికి తెచ్చి, మిగతా నాలుగూ చూడ్డం మానేశాం. గడువు తేదీ, దరఖాస్తు ఫారం, రైలు టికెట్టు, ‘నువ్వు వెళ్లు’ అనే ఒక మనిషి — ఇవన్నీ మూడోదాని కిందికి వస్తాయి. ఫైళ్ల కింద పడి ఉన్న కాగితాన్ని విధి అంటే విధికే అవమానం.

ఇక్కడ అందరూ రామానుజన్‌ని అడ్డుపెడతారు. తనకు సూత్రాలు నామక్కల్ నామగిరి అమ్మవారు కలలో చూపించేదని ఆయన చెప్పుకున్నారు. నేను ఆ మాట కొట్టిపారెయ్యను. కానీ అమ్మవారు సూత్రం చూపించింది గాని, చిరునామా రాయలేదు. 1907లో భారత గణిత సమాజాన్ని స్థాపించిన రామస్వామి అయ్యర్ డిప్యూటీ కలెక్టరు. ఉద్యోగం అడగడానికి వచ్చిన కుర్రాడి నోటుబుక్కు తిరగేసి, మద్రాసులోని స్నేహితులకు ఉత్తరాలిచ్చి పంపారు. మన నెల్లూరు కలెక్టరుగా ఉన్న రామచంద్రరావు మొదట అంత నమ్మకపోయినా, చివరికి నెలనెలా డబ్బు పంపారు. 1911లో ఆ సమాజం పత్రికలో రామానుజన్ వ్యాసం అచ్చయింది. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో 30 రూపాయల జీతానికి గుమాస్తా ఉద్యోగం దొరికింది. కేంబ్రిడ్జిలో ఇద్దరికి రాసి లాభం లేకపోయాక, 1913 జనవరిలో అక్కడి గణితవేత్త హార్డీకి ఉత్తరం వెళ్లింది. ఆ ఏడే మద్రాసు యూనివర్సిటీ నెలకు 75 రూపాయల వేతనం ఇచ్చింది. మనుషుల పేర్లు ఇన్ని ఉన్న కథను మనం కల ఒక్కటిగా కుదించి పిల్లలకు చెబుతున్నాం. విన్న పిల్లవాడు ఏం చేస్తాడు? పడుకుంటాడు.

సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావుగారి కథ నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అందులో దేవత లేదు, హోటల్ ఉంది. విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎమ్మే చేసి, యుద్ధకాలంలో మిలటరీ ఉద్యోగం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్లారు. ఉద్యోగం రాలేదు. దిగిన చోట పరిచయమైన మనిషి ఒకరు, తాను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు వచ్చానని చెప్పారు. 1941 జనవరికల్లా రావుగారు అక్కడ చేరిపోయారు. 1945లో అచ్చయిన ఆయన వ్యాసం ఈ రోజుకీ పాఠాల్లో ఉంది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది, అదే ఏడు ఆగస్టులో 102 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. ఆ పరిచయం దైవఘటన అంటే సరే అంటాను. అయితే ఇలాంటి ఘటన మా పిల్లలందరికీ జరగాలని కోరుకోవడం కంటే, ఆ హోటల్లో కనబడిన మనిషి పని మనం చేయడం తేలిక.

“ప్రతిభ ఉంటే ఎలాగైనా పైకొస్తారు” అంటారు. పైకొచ్చినవాళ్లనే కదా మనం లెక్కపెట్టగలిగేది! రానివాళ్లు ఎవరో తెలియకుండా ఈ సిద్ధాంతం ఎలా రుజువవుతుంది? నా క్లాసులో ఇలాంటి నిరూపణ రాస్తే సున్నా వేస్తాను.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. ఎప్పుడూ పరీక్షలూ స్టైపెండ్లూ అని చెవిలో పోరితే గణితం మీద ప్రేమ ఏం మిగులుతుంది, అది కూడా ఫలాపేక్షే కదా అని. ఆ ప్రమాదం ఉంది. జామ్ అనే ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష పాత పేపర్లు తప్ప మరేమీ ముట్టని పిల్లలు నాకు తెలుసు. కానీ ప్రేమకు కూడా చోటు కావాలి. ఇంటి అప్పు నెత్తిమీదున్న పిల్లకు నిష్కామంగా గణితం చదవమని చెప్పే హక్కు, జీతం తీసుకునే నాకు లేదు. స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చదువుకునే పిల్లలకే స్టైపెండ్ ఇస్తుందని చెప్పగలను. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉందని, అణుశక్తి శాఖ కింద జాతీయ ఉన్నత గణిత మండలి పీహెచ్‌డీకి వేతనాలిస్తుందని, కేరళ మాధవుడి పేరున డిగ్రీ పిల్లలకో పోటీ నడుస్తుందని చెప్పగలను. కడుపు నిశ్చింతగా ఉంటే నిష్కామం దానంతటదే రావచ్చు, రాకపోవచ్చు.

ఇప్పుడు ఫైళ్ల కింద పోయే బెడద లేదు, అన్నీ ఫోన్లోనే ఉన్నాయి. అయినా పిల్లలు చూసి పక్కకు తోసేస్తారు. ఇంగ్లీషులో ఉంటుంది, ఢిల్లీ, ముంబయి పేర్లుంటాయి, ‘ఇది మనకు కాదులే’ అనుకుంటారు. అందుకని పేరు పెట్టి పిలిచి, “ఇది నీకే” అని చెప్పాల్సి వస్తోంది. పాత రోజుల్లో కంటే ఎక్కువ పనే.

ఈ ఏడు ఫైనలియర్‌లో ఒకడున్నాడు, మహా వాదిస్తాడు. నా అయిదు కారణాల లెక్క విని, “అయిదింటికీ సమాన వాటా అని ఎక్కడుంది మేడం? అయిదోదే నూటికి తొంభై కావచ్చుగా?” అన్నాడు. కావచ్చు. ఆ కొలత తెలియాలంటే ముందు మిగతా నాలుగూ నిండుగా అందాలి, మా ఊళ్లో ఆ ప్రయోగం ఎవరూ చేయలేదు, కాబట్టి దైవం గురించి ఇక్కడ ఎవరి దగ్గరా సాక్ష్యం లేదని చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. “రామచంద్రరావుగారి మనసు కరగడమే దైవం అయితే? అప్పుడు అయిదోది మూడోదాని లోపలే ఉన్నట్టు కదా?” అన్నాడు. దానికి జవాబు నా దగ్గర లేదు, ఇంకా ఆలోచిస్తున్నాను. సెప్టెంబరులో తెరిచిన జామ్ దరఖాస్తును మాత్రం ఆ సాయంత్రమే ఎదురుగా కూర్చోబెట్టి నింపించాను. ఓబీసీ సర్టిఫికెట్ పాతది పనికిరాదట. తహసీల్దారు ఆఫీసుకు రేపు పొద్దున్నే వెళ్లమన్నాను.