మా ఇంటి కఫీల్

గల్ఫులో పనిచేసిన తెలుగువాడికి, చదువుకున్నవాడైనా కాకపోయినా, అరబ్బీలో ముందుగా వచ్చే పదాల్లో "కఫీల్" ఒకటి. మనని రప్పించుకుని వీసాకి పూచీ పడే మనిషి, లేదా కంపెనీ. ఆ మాటకి అసలు అర్థం కూడా పూచీదారు అనే. పరాయి ఊరొచ్చినవాడి తరఫున నేనున్నానని నిలబడేవాడన్నమాట. మాట మంచిదే. కానీ 2008లో నేను దోహాలో దిగేనాటికి ఆ పూచీ చాలా దూరం వెళ్ళిపోయింది. ఉద్యోగం మారాలంటే కఫీల్ ఒప్పుకోవాలి. ఊరెళ్ళాలంటే ఎగ్జిట్ పర్మిట్‌కి ఆయన సంతకం కావాలి. నేను ఏసీ గదిలో కూర్చునే ఇంజనీర్నే, అయినా మా పెదనాన్న పోయినప్పుడు ఆ సంతకం కోసం రెండు రోజులు ఆగాను. సంతకం పెట్టాల్సినాయన చెడ్డవాడు కాదు. ఊళ్ళో లేడు, అంతే.

2018లో చాలామంది కార్మికులకి ఆ పర్మిట్ తీసేశారు. 2020లో ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి కూడా తీసేశారు. ఉద్యోగం మారడానికి పాత యజమాని అనుమతి అక్కర్లేదన్నదీ ఆ ఏడాదే. ఇక ఆ మాటతో నాకు పెద్దగా పనిలేదనుకుంటున్న రోజుల్లో, మా నాన్న నన్ను "ఏం కఫీల్ గారూ!" అని పిలిచాడు.

అసలు సంగతి బాత్రూముతో మొదలైంది. మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లె. నాన్న హైస్కూల్లో లెక్కల మేస్టారుగా రిటైరయ్యాడు. తాతగారు కట్టించిన పెంకుటిల్లు, పెరటి చివర బాత్రూము. ఒక వానాకాలం రాత్రి నాన్న పెరట్లో జారిపడ్డాడు. ఎముక విరగలేదు గానీ నెల్లాళ్ళు మంచం దిగలేదు. దోహాలో ఉన్నవాణ్ణి నేనేం చెయ్యగలను? డబ్బు పంపగలను. ప్లాను గియ్యగలను. రెండూ చేశాను. పడగ్గదిని ఆనుకుని బాత్రూము. అక్కడితో ఆగితే బాగుండేది. పెంకు తీసి స్లాబు, గచ్చు తవ్వి టైల్సు, వీధరుగు కొట్టేసి కారు షెడ్డు. కారెవరిదంటారా? నేను వెళ్ళినప్పుడు అద్దెకి తీసుకునేది. ఏడాదికి ఇరవై రోజులు.

పని అయ్యేదాకా కాకినాడలో ఫ్లాటు తీసుకుంటానన్నాను. "కొబ్బరి దింపు ఎవడు చూస్తాడ్రా?" అన్నాడు నాన్న. అమ్మ ఏ కారణమూ చెప్పలేదు. ఖాళీగా ఉన్న పశువుల పాకలోకి గ్యాసు పొయ్యి మార్చేసింది.

ఫిబ్రవరి నుంచీ వాళ్ళ కాపురం ఆ పాకలోనే. ఫోటోల్లో చూసేవాణ్ణి. ఒక మూల దేవుడి పటాలు, పక్కనే బియ్యం డబ్బా, దాని మీద నాన్న బీపీ మాత్రలు. పగలు దుమ్ము, రాత్రి దోమలు. నాన్న పొద్దున్నే సిమెంటు బస్తా మీద కూర్చుని పేపరు చదివేవాడు. పేపరు కోసం వచ్చే ఎదురింటి తాతగారు ఇంకో బస్తా మీద. మే నెలలో మామిడికాయలొచ్చాయి. ఈ దుమ్ములో ఆవకాయేమిటమ్మా, ఈ ఏటికి కొనుక్కుందాం అన్నాను. అమ్మ విననట్టు ఊరుకుంది. జాడీలన్నీ పక్కింటి పిన్నిగారింటికి మోసుకెళ్ళి, వాళ్ళ వసారాలో ముక్కలు కొట్టించి, ఆవపిండి కలుపుకుని వచ్చింది. ఆ వారం మేస్త్రీకీ కూలీలకీ అన్నంలో కొత్తావకాయ. ఈ సంగతి నాకు ఆవిడ చెప్పలేదు, మేస్త్రీ చెప్పాడు.

మేస్త్రీ గురించి ఒక మాట. అతను అయిదేళ్ళు దోహాలో తాపీపని చేసి వచ్చినవాడు. అతన్ని పెట్టమన్నదీ నేనే, అక్కడి పనితనం తెలిసినవాడని.

జూన్ మొదటి వారం, రోహిణి కార్తె ఇంకా వెళ్ళలేదు. బయటి గోడలకి ప్లాస్టరింగు జరుగుతోంది. నాకు జులైలో టికెట్టు బుక్కయింది, గృహప్రవేశం ఆ సెలవులోనే కావాలి. తీరా చూస్తే పని పదకొండుకి ఆగి నాలుగింటికి మళ్ళీ మొదలవుతోందని తెలిసింది. ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. కూలి ఎక్కువిద్దాం, మధ్యాహ్నం కూడా చేయించండి అన్నాను. అమ్మ అంతా విని, "మీ దేశంలో పదింటికే ఆపేస్తారటగా? మేస్త్రీ చెప్పాడు" అంది. వెనకనుంచి అతని గొంతు: "ఆయ్, అక్కడ గవర్నమెంటోళ్ళే ఆపించేత్తారండి." ఆ తరవాతే నాన్న ఫోన్ అందుకుని నన్ను కఫీల్ గారూ అన్నది. ఆ పదం కూడా మేస్త్రీయే నేర్పి ఉంటాడు.

అతను చెప్పింది నిజం. ఖతార్‌లో ఎండాకాలం మధ్యాహ్నం ఆరుబయట పని ఆపాలన్న నియమం 2007 నుంచీ ఉంది. 2021లో దాన్ని పెంచి, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, పొద్దున్న పదింటి నుంచి మూడున్నర వరకూ అన్నారు. సరిగ్గా ఆ వారమే మా సైట్‌లో ఆ వేళల నోటీసు అంటించింది నేనే. ఎవరితోనూ వాదించలేదు, షెడ్యూలు కూడా దానికి తగ్గట్టే వేసుకున్నాను. దాన్ని దయ అని ఎప్పుడూ అనుకోలేదు గానీ, మంచి పని చేస్తున్నాననే భ్రమ కాస్త ఉండేది. చట్టం అడగని చోట, నా డబ్బుతో జరిగే పని దగ్గర, నేను చేసిందేమిటి? కూలి ఎక్కువిద్దామన్నాను.

కూలీల సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువగా కుదిపింది నాన్న మాట. డబ్బు పంపేవాడు నోరు మూసుకుని పంపాలా? అలా అనడం తేలిక. కానీ బాత్రూము విషయంలో నేను మొండికెయ్యకపోతే అది కట్టేవాళ్ళు కాదు. "ఇంట్లో దొడ్డేమిట్రా" అని అమ్మ నెల రోజులు పోట్లాడింది. అక్కడ నేను వాళ్ళ మాట కాదన్నాను, మళ్ళీ సందర్భమొస్తే మళ్ళీ కాదంటాను. మరి పూచీ ఎక్కడ ఆగుతుంది, పెత్తనం ఎక్కడ మొదలవుతుంది? నాకు తోచింది ఇంతే. బాత్రూము నాన్న కాలు జారకుండా. షెడ్డు నా కారుకి. తొందర నా టికెట్టుకి. మూడింటినీ నేను ఒకే గొంతుతో, "మీకోసమే కదా" అన్నాను. చెప్పేటప్పుడు అబద్ధమని నాకు తెలియదు. నా సంతకం కోసం ఆగినాయన కూడా మా క్షేమం కోరే అంతా చేస్తున్నాననుకునేవాడేమో.

వాళ్ళిద్దరూ నాతో పోట్లాడలేదన్నది ఇంకో సంగతి. పాకలోకి మారారు, జాడీలు పక్కింటికి చేరాయి, అరుగు కొట్టే పని మాత్రం ప్రతి వారం "వచ్చే వారం" అయింది. అడక్కుండా చేసుకుపోవడం అనుమతి కావలసినవాళ్ళ విద్య. దోహాలో నేనూ అది బాగానే నేర్చుకున్నాను.

జులైలో వెళ్ళాను. గృహప్రవేశం లేదు, టైల్సు పని సగంలో ఉంది. బాత్రూము మాత్రం తయారు. అరుగు అరుగులాగే ఉంది, దాని మీద ఎదురింటి తాతగారు పేపరు పరుచుకుని ఉన్నారు. రాత్రి పాక బయట నవారు మంచం వేసుకుని, నాన్న లెక్కల పుస్తకం తిరగేశాను. సిమెంటు, ఇసుక, కూలి, మేస్త్రీ కాఫీలు, అన్నీ పైసల్తో సహా. జమ వైపు నేను పంపిన ప్రతి మొత్తం ఎదురుగా, లెక్కల మేస్టారి గుండ్రటి దస్తూరీతో, "అబ్బాయి దగ్గర చేబదులు" అని రాసి ఉంది.

నాన్న పక్క మంచం మీద మెలకువగానే ఉన్నాడు. నేనేమీ అడగలేదు. పేజీ తిప్పాను. ఇసుక రెండో లోడు, తేదీ, ట్రాక్టరు బాడుగ.